నీతి చెప్పని తోడేలు

పిల్లలకు కథల పుస్తకములు కొనియిచ్చు తల్లిదండ్రులు మన సీమలో కొలదిమందియే. ఆ కొలదిమందిలోను, అంగడిలో పుస్తకము చేతికి రాగానే కడపటి పుట త్రిప్పి, ఇందులో నీతి యేమున్నదని వెదకువారే యెక్కువ. నీతి కనబడెనా, కొందురు. కనబడదా, పుస్తకమును మరల బల్లపై నుంచి వెడలిపోదురు. చేటలో బియ్యము చెరిగినట్లు కథను చెరిగి, పొల్లంతయు నెగురగొట్టి, నీతిగింజ నొక్కదానిని పిల్లవాని నోట వేయవలెనని వారి యుద్దేశము. పొల్లని వారు పారవేయునదియే కథ యని వారికి దోచదు. ఈ పద్ధతివలన మన పిల్లల చదువునకు గలిగిన హాని పలుతెఱగుల నున్నను, జంతువుల కథల పట్ల గలిగినంత హాని మఱియొకచోట గలుగలేదని మా యభిప్రాయము.

మేము కోరున దిది. ఎనిమిదవ యేటినుండి పదునాలుగవ యేటివఱకు గల బాలురకును బాలికలకును జంతువుల సాహసకథలను విరివిగా చదువనీయవలెను. జంతువుల కథలనగా సింహము కొలువు దీర్చుటయు, నక్క మంత్రాలోచన చెప్పుటయు, కాకి లోకానుభవమును బోధించుటయు గాదు. తోడేలు తోడేలుగనే యుండి, ఆకలిగొని, వేటాడి, కూనలను సాకి, వేటకాని బారినుండి తప్పించుకొనియో తప్పించుకొనలేకయో బ్రదికిన బ్రదుకు. చదువుచున్న పిల్లవాడు ఆ నూఱు పుటలసేపు తాను రెండుకాళ్ళ ప్రాణి నను మాట మఱచి, గాలివాసన పట్టి నడువవలెను. అట్టి కథకు చివర నీతి లేకపోయిన నేమియు గొఱత లేదు.

ఈ మాట చెప్పగానే చిన్నయసూరిని ధిక్కరించుచున్నారని కొందఱు మాపై నలుగుదురు. మేము ధిక్కరింపము. 1853లో వెలువడిన నీతిచంద్రిక తెలుగు వచనమునకు నడక నేర్పినది. సూరి విడిచిన భాగములను పూరింప వీరేశలింగము పంతులుగారంతటివారు పూనుకొనిరి. పెక్కు తరములవారు దానిని వల్లించి తెలుగు నేర్చిరి. కాని అది యెట్టి పుస్తకమో తెలిసికొని మఱి పిల్లలకీయవలెను గదా! పంచతంత్రము రాజకుమారులకు రాజనీతి చెప్పుటకు బుట్టినది. కరటక దమనకులు నక్కలు గారు. కొలువులో స్థానము దప్పిన యుద్యోగులు. సంజీవకుడు ఎద్దు గాడు. రాజునకు క్రొత్తగా దగ్గఱయైన యాప్తుడు. పిల్లవాడు మిత్రభేదమును మూడుమాఱులు చదివినను, ఎద్దు నెమరు వేయునని గాని, నక్క బొరియలో కూనలను దాచునని గాని తెలిసికొనడు. కచ్చేరీలో చాడీ యెట్లు పనిచేయునో తెలిసికొనును. అదియు తెలియవలసిన విషయమే. కాని పదేండ్లవానికి అంత తొందర యేమి?

అనంతామాత్యుని భోజరాజీయములోని ఆవు పులుల కథ యెఱుగని తెలుగు తల్లి లేదు. బిడ్డకు పాలిచ్చి మరలి వచ్చెదనని బాసచేసిన ఆవు, చేసిన బాస చెల్లించుకొన్నది, పులి సిగ్గుపడినది. కంట తడిపెట్టించు కథ. అయినను అందలి పులి పులి గాదు, ఆవు సత్యమును పరీక్షింప గూర్చుండిన న్యాయాధిపతి. ఈ యొక్క పులిని మాత్రమే యెఱిగిన పిల్లవానికి, నిజమైన పులి యనగా పశ్చాత్తాపపడని దుర్మార్గుడని తోచక మానదు. తన కూనలకు తిండి వెదకు తల్లిపులి యొకటి యుండునని వానికి చెప్పినవారెవరు? అటులని పూర్వకవులు జంతువును జంతువుగా చూడలేదని మే మనము. పోతన గజేంద్రమోక్షమును చదువుకొన్న యిండ్లలో చూడుడు. మొసలికిని ఏనుగునకును నడుమ నీటిలో సాగిన పెనుగులాటను పిల్లలు మరల మరల చెప్పించుకొందురు. వైకుంఠమునుండి విష్ణువు బయలుదేరు ఘట్టము పెద్దలకు ముద్దు. నీళ్ళలోని దానికి నీళ్ళే బలము, గట్టుపైదానికి గట్టే బలము అను సంగతి యా పెనుగులాటవలననే పిల్లలకు తెలియును. మన పిల్లల రుచి యెటున్నదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఇక బడుల సంగతి. కొన్నేండ్ల క్రిందట మేమును మా మిత్రులు కొందఱును గూడి యీ ప్రాంతపు పాఠశాల యొకదానికి (పేరు చెప్పుట మాకిష్టము లేదు) నలుబది పుస్తకములు పంపితిమి. అందు సగము జంతువుల కథలు. ఏడాది గడచిన పిదప పోయి చూడగా పుస్తకములు బీరువాలో తాళము క్రింద క్షేమముగా నున్నవి. కట్టిన పురికొసయైన విప్పలేదు. పిల్లలు చించివేయుదురని యొకరును, పరీక్షకు రాని పుస్తకములని మఱియొకరును సెలవిచ్చిరి. పదిమంది చదివి చినిగిన పుస్తకమే బ్రదికిన పుస్తకమని మేమంటిమి. వారు నవ్వి, కాఫీ తెప్పించిరి. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమమునకు ప్రాణము ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో జన్మించినది ఈ కర్నూలులోనే. వారి యూరి చుట్టును పుస్తకములు ఖైదులో నుండుట కంటె మనకు నగుబా టేమున్నది?

పిల్లలు పులులను సింహములను సెల్లుఫోనులో చూచుచునే యున్నారు గదా, పుస్తకమెందుకని యడుగు తండ్రులు నేడు బయలుదేరినారు. చూచుచున్నారు, నిజము. పులి దుమికిన యర నిమిషము చూతురు. వ్రేలితో పైకి త్రోసి, మఱియొక యర నిమిషము ఇంకొక వింత చూతురు. దుముకుటకు ముందు ఆ పులి మూడుదినములు పస్తున్నదని గాని, పదిమాఱులు దుమికి తొమ్మిదిమాఱులు వట్టిచేతులతో మరలినదని గాని యా బొమ్మ చెప్పదు. కాచుకొని యుండుట వేటలో ముప్పాతిక. ఆ కాచుకొనుటను పిల్లవానిచేత చేయింపగలిగినది కథ యొక్కటే. ఏలన, పుట త్రిప్పువఱకు వాడును కాచుకొని యుండవలెను.

తల్లులు చెప్పు అభ్యంతరము వేఱు. ఈ కథలలో నెత్తురున్నది, చావున్నది, పసివాండ్రు జడిసికొందురు, లేదా క్రూరులగుదురని వారి దిగులు. ఈ దిగులును మేము తేలికగా త్రోసిపుచ్చము. కాని ఒకమాట అడిగెదము. ఊరి జాతరలో పొట్టేలు తెగుట మన పిల్లలు చూడనిదా? వాకిట కుక్కపిల్లకు తాటియాకు కట్టి తఱుముట, తూనీగతోకకు దారము కట్టుట, కథలు చదివి నేర్చుకొన్నారా? ఏమియు చదువని పిల్లలే యీ పనులు చేయుచున్నారు. చావు లేని జంతువుల కథ అబద్ధపు కథ. ప్రతి చావునకు వెనుక నొక ప్రాణము వెలితి పడినదని తెలిపిన కథ చదివిన పిల్లవాడు తూనీగను వదలిపెట్టును. వదలిపెట్టుమని కథలో నెక్కడను వ్రాసియుండనక్కఱలేదు.

ఆడపిల్లకు తోడేళ్ళ కథ లెందుకని యడిగిన పెద్దమనిషికి మాత్రము మేము జవాబు చెప్పుటకు గూడ సిగ్గుపడుచున్నాము. మన పల్లెలలో మేకలను తోలుకొని గుట్టకు పోవుచున్నది ఆ యాడపిల్లయే.

ఆడువారి మాట వచ్చినది గనుక ఒక యాంగ్లేయ వనిత సంగతి చెప్పుదము. ఆమె పేరు అన్నా స్యూయెల్. పదునాలుగేండ్ల ప్రాయమున పడి కాలు చెడినది; అది మొదలు ఎక్కడికి పోవలసినను గుఱ్ఱపుబండియే యామెకు గతి. అట్లు బండిలో గూర్చుండి జీవితకాలము గుఱ్ఱములను చూచి, వానిని గుఱించి యొకే పుస్తకము వ్రాసినది. అది 1877లో అచ్చయినది. మఱుచటి యేడు ఆమె గతించినది. పుస్తకము పేరు బ్లాక్ బ్యూటీ. ఒక నల్లగుఱ్ఱము తన కథను తానే చెప్పుకొనును. మంచి యజమాని యొద్దనుండి చెడ్డ యజమాని యొద్దకు, బగ్గీనుండి బాడుగబండికి దాని బ్రదుకు దిగజారును. ఆ కాలమున షోకు కొఱకు గుఱ్ఱముల తలలు నిక్కియుండునట్లు పగ్గము బిగించి కట్టువారు. మిట్ట యెక్కునప్పుడు గుఱ్ఱము తల వంచి బలము పట్టుటకు వీలు లేక నరకయాతన పడెడిది. ఉపన్యాసముల వలన గాని పని యా కథవలన నైనది. లక్షలమంది చదివిరి, ఆ పగ్గపు టాచారము క్రమముగా నింగ్లండులో నశించినది. సంఘసంస్కారము గోరు మనవారు దీనిని గమనింపవలెను. ఒంటెద్దు బండిపై మూడుబండ్ల కడపరాళ్ళు వేసి ముల్లుగఱ్ఱతో పొడుచు దృశ్యము మనకు క్రొత్త గాదు. దానిమీద సభలు పెట్టుటకంటె, ఆ యెద్దు కథను పదేండ్ల పిల్లవాని చేతిలో పెట్టుట మేలని మా నమ్మకము.

తోడేలు కడకు వత్తము. అమెరికాలో ఎర్నెస్టు థామ్సను సీటను అను చిత్రకారుడు 1893లో న్యూమెక్సికో పశువులదొడ్ల యజమానుల పక్షమున తోడేళ్ళను చంపుటకు పోయెను. అచట లోబో యను మందనాయకు డుండెను. విషము పెట్టిన మాంసము నది ముట్టదు. బోనులను పసికట్టి త్రవ్వి బయట వేయును. తుదకు సీటను దాని జోడైన తెల్లతోడేలును చంపించి, ఆ వాసననే యెఱగా జేసి లోబోను పట్టెను. పట్టువడిన తోడేలు మఱునాటికి ప్రాణము విడిచినది. సీటను ఆ కథను 1898లో నచ్చొత్తించి, అది మొదలు అడవిమృగముల పక్షము వహించెను. కథ యందు తోడేలును మెచ్చుకొనుమన్న వాక్యము లేదు. చంపినవాడే చెప్పుచున్నాడు, చదువువాని గుండె చచ్చినదాని వైపు పోవును. మేము చెప్పు కథ లిట్టివి.

అయితే ఈ దారిలో నొక గోతి యున్నది. దానిని దాచుట మాకిష్టము లేదు. 1903లో జాన్ బరోస్ అను ప్రకృతిజ్ఞుడు సీటనువంటివారి కథలను కల్లబొల్లి జంతుశాస్త్రమని దుయ్యబట్టెను. జంతువులు చేయని పనులను, చేయలేని యాలోచనలను వానికంటగట్టి, అదియంతయు కన్నులార చూచినట్లు వ్రాయుచున్నారని యాతని యభియోగము. 1907 నాటికి అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టుగూడ నా తగవున దిగెను. బరోస్ కొంత యతిగా బోయినను, మూలమున నాతడే యొప్పు. జంతువుచేత మాటలాడించినను సహింపవచ్చును. చేయని పని చేయించుట కూడదు. సీటను ఆ దెబ్బకు మేలే పొందెను. తరువాత నుత్తరదేశపు జంతువుల జీవితములను గూర్చి పెద్ద సంపుటములు వ్రాసెను. తెలుగున వ్రాయబోవువారు ముందే యా మేలు పొందుట మంచిది.

కిప్లింగు 1894లో వెలువరించిన జంగిల్ బుక్ విషయమున మాకు రెండు మనసులున్నవి. మధ్యపరగణాల సియోనీ యడవి, తోడేళ్ళ నడుమ పెరిగిన మోగ్లీ, ఇంటి తోటలో నాగుపాములతో పోరిన ముంగిస, వీనికి మించిన కథలు పిల్లల కరుదు. ముంగిస కథ చదివిన పిల్లవాడు మఱునాడు పెరటి గోడ కడ గంటసేపు నిలుచుండును. కాని ఆ రచయిత దొరతనపు బంటు. ఆ పుస్తకపు చివరి కథలో దండు విడిదిలోని పశువులు సైతము ఆజ్ఞకు లోబడుటే పరమధర్మమని చాటుచున్నవి. ఆ కథ వచ్చినప్పుడు తండ్రి ప్రక్కన గూర్చుండి, ఇది దొరలు తమ నౌకరుల కొఱకు చెప్పుకొన్న మాట యని చెప్పిన జాలును. పిల్లలు వెంటనే గ్రహింతురు. పరదేశి పుస్తకము లేల యను దేశాభిమానులకు ధనగోపాల ముఖర్జీని చూపెదము. వంగదేశీయుడు, అమెరికాలో స్థిరపడి, కలకత్తా పావురమొకటి మొదటి యూరపు యుద్ధమున వార్తలు మోసిన కథ వ్రాసెను. బాలసాహిత్యమునకు ఆ దేశమున నిచ్చు న్యూబెరీ బహుమానము 1928లో దానికి వచ్చినది. డేగల వాతబడక తప్పించుకొన్న పావురము ఫిరంగి మ్రోతకు బెదరి మనసు చెడి, హిమాలయముల యందలి బౌద్ధవిహారమున తేఱుకొన్న కథ యది. పావురాలను పెంచుట యెఱిగిన కర్నూలు పాతబస్తీ కుఱ్ఱవానికి ఈ పుస్తకమును తెలుగున వినిపించిన వాని యానంద మెట్లుండునో యూహింపుడు.

పరదేశపు మాట యింతటితో చాలింతము. మన వాకిటనే యున్నవానిని మనమెంత యెఱుగుదుము? యాగంటి బసవన్న పెరుగుచున్నాడనియు, కలియుగాంతమున ఱంకెవేయుననియు సీమలో ప్రతి పిల్లవానికి తెలియును. అగస్త్యుని శాపమున యాగంటిలో కాకులుండవనియు తెలియును. ఱాతి యెద్దును గూర్చి యింత తెలిసిన పిల్లవానికి, నందికొట్కూరు దగ్గఱ రోళ్ళపాడు గడ్డిబీళ్ళలో నేమి తిరిగెడిదో తెలియదు. అచట బట్టమేకపిట్ట కొఱకు 1988లో ప్రభుత్వము అభయారణ్యము నేర్పరచినది. మీటరెత్తు పిట్ట, మగదాని బరువు పదునైదు కిలోల దాక పోవును, ఎగురు పక్షులలో మిక్కిలి బరువైన వానిలో నొకటి. గూడు కట్టదు. ఒట్టి నేలమీద ఒక్కటే గ్రుడ్డు పెట్టును. ఆ గ్రుడ్డు నక్క నోటబడినను, గొఱ్ఱెలమంద కాలిక్రింద చిదిసినను ఆ కానుపు పోయినట్లే. పైపెచ్చు దాని చూపు ప్రక్కలకే గాని ఎదురుగా సరిగా నానదు. ఎగురుచు ఎగురుచు విద్యుత్తు తీగలకు తగిలి కూలుచున్నది. నేడు భారతదేశమంతటను నూటయేబది లోపుననే మిగిలినవి; వానిలో నెక్కువ రాజస్థానమున నున్నవి. రోళ్ళపాడున దాని దర్శనము గగనకుసుమమైనది. ఒక్క గ్రుడ్డు, ఒక్క తల్లి, చుట్టును మంద, నక్క, తీగ: సాహసకథకు ఇంతకంటె నేమి కావలెను? మనవారు ఆ పిట్ట సంపూర్ణముగా పోవువఱకు ఆగి, పిమ్మట స్మారకోపన్యాసమిత్తురు కాబోలు.

అదే బీళ్ళలో కృష్ణజింకలున్నవి, తోడేళ్ళున్నవి. తోడేలు గొఱ్ఱెపిల్లల నెత్తుకొనిపోవుట నిజము. కాపరికి అది తమాషా గాదు, అప్పు తీర్చవలసిన సొమ్ము. 2024లో ఉత్తరప్రదేశమున బహ్రాయిచ్ జిల్లాలో తోడేళ్ళు పసిపిల్లలను చంపిన వార్తలు చదివి మేమును కలతపడితిమి. తోడేలు సాధువని చెప్పు కథ మాకక్కఱలేదు. అదియు నీతిచంద్రికకు తోబుట్టువే. తోడేలు తోడేలని చెప్పు కథ కావలెను. కాపరి కోపమును తోడేలు ఆకలిని ఒకే పుటలో పట్టియుంచగల రచయిత కావలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తోడేలును చంపరాదన్నది; చట్టము పిల్లవాని మనసులోనికి పోజాలదు.

నల్లమలలో 2023వ సంవత్సరము మార్చిలో జరిగిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలములోని పెద్దగుమ్మడాపురమున నాలుగు పులికూనలు ఊరివారి కంటబడినవి. తల్లి లేదు. కుక్కలు చీల్చునేమోనని ఊరివారు వానిని గదిలో చేర్చి యటవీశాఖ వారికి కబురంపిరి. టి-108 అను లెక్కపేరు గల యాడపులి వాని తల్లియని యధికారులు భావించి, జాడలు వెదకి, కెమెరాలు కట్టి, కూనలను తల్లికడకు జేర్ప ప్రయత్నించిరి. తల్లి రాలేదు. తుదకు కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలించిరి. పత్రికలు వారముదినములు వ్రాసి విడిచినవి. ఊరివారు కఱ్ఱలు పట్టుటకు మాఱు తలుపు వేసి కూనలను కాచిరను సంగతి యెంత గొప్పది! చీకటిలో మనుష్యుల వాసన చుట్టుముట్టిన యా ప్రదేశమును తల్లిపులి యెంతదూరమునుండి చూచి మరలెనో! ఇట్టి వృత్తాంతము వేఱొక దేశమున జరిగియుండిన, ఏడు తిరుగక మునుపే పిల్లల పుస్తకమై యుండెడిది.

కడపవైపు కలివికోడి కథ మఱింత చోద్యము. జెర్డను అను నాంగ్లేయుడు 1848లో కనుగొన్న యీ చిన్నపక్షి 1900 తరువాత నెవరికిని కనబడక, గతించినదని పుస్తకములలో చేరినది. పగలు కలివిపొదలలో నణగియుండి రాత్రి తిరుగునది యగుటచే పండితుల కంటబడలేదు. 1986 జనవరిలో సిద్ధవటము ప్రాంతమున ఐతన్న యను పల్లెవాడు రాత్రివేళ దీపపు వెలుతురులో దానిని పట్టెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పక్షమున భరత్ భూషణ్ గారు ఆ ప్రాంతమున వెదకుచు, బొమ్మ చూపి పల్లెవారి నడుగుచు తిరిగిరి. ఎనుబదియైదేండ్లు పండితులకు దొరకనిది పిట్టలు పట్టువానికి దొరికినది. ఆ చిట్టడవిని 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటించిరి. 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదల మీదికి రాగా, ఆ పక్షి కొఱకు కాలువ దారి మార్చవలసి వచ్చినది.

ఇచట మేము ఒక్క క్షణము నిలువవలెను. త్రాగునీటికి ఆడువారు మైళ్ళు నడచిన సీమలో, పిడికెడు పిట్టకై కాలువను ప్రక్కకు త్రిప్పుటా యని యడుగువానిని మేము మూర్ఖుడనము. వాని గొంతులో కరవున్నది. కాని నీరా పిట్టయా యను ప్రశ్న వచ్చినప్పుడల్లా పిట్ట పేరైన నెఱుగని వాడు తీర్పు చెప్పుట న్యాయము గాదు. కాలువను త్రిప్పి నీటినిగూడ తేవచ్చునని యా పనియే చూపినది. రేపు గనులు వచ్చును, రహదారులు వచ్చును, గాలిమరలు సూర్యఫలకములు బీళ్ళనిండ వచ్చుచున్నవి. వానిమీద తీర్పు చెప్పబోవువారు నేడు అయిదవ తరగతిలో నున్నారు. వారు తీర్పు చెప్పునాటికి తీగలు, బీళ్ళు, తోడేలు బొరియలు ఒక్కమాఱైన వారి మనసులో దిరిగియుండవలెనా, వలదా? ఇదియే మా తగవు. పిల్లల కథలనగా కాలక్షేపమని చప్పరించువారితో మాకు పొత్తు కుదరకపోవుటకు కారణ మిదియే.

గతించినవి గూడ కథలకు తక్కువ గావు. బేతంచెర్ల సమీపమున బిల్లసర్గము గుహలున్నవి. 1880 ప్రాంతములలో రాబర్టు బ్రూస్ ఫుట్ తన కుమారునితో గూడి వానిని త్రవ్వించి పురాతన మృగముల యెముకలు పెక్కు తీసెను. లిడెక్కర్ అను పండితుడు 1886లో వానిని పరిశీలించి అందొక ఖడ్గమృగమునకు కర్నూలు పేర నామకరణము చేసెను. పూర్వమెప్పుడో మన గుట్టల నడుమ ఖడ్గమృగము నీరు త్రాగినదని, దానికి మన యూరి పేరున్నదని, ఈ పట్టణమున నెందఱు బడిపిల్లల కెఱుక? బసవన్న ఱంకెకొఱకు కాచుకొనియున్నాము గాని, వచ్చి పోయిన మృగమును పలుకరింపనైన లేదు.

తెలుగున నీవిధమగు రచన బొత్తిగా లేదని మేమనము. మన సీమవాడే యగు చిత్తూరు జిల్లా కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు" నవలలో, ఈనబోవు పంది తప్పిపోగా దానికై యడవి సొచ్చిన ముసలి కాపరి యొక్క రాత్రి యున్నది. అల్లం శేషగిరిరావుగారు ఉత్తరాంధ్రపు వేటకథలు వ్రాసిరి. కాని ఇవి పెద్దల కొఱకు వ్రాసినవి. పదునాలుగేండ్లు నిండినవారికి ధైర్యముగా నీయవచ్చును, పదేండ్లవారికి గాదు. పిల్లల పత్రికలలో 1947 జూలైలో పుట్టిన చందమామ అఱువది యేండ్లకు పైగా సాగి నిలిచిపోయినది. అందలి జంతువులలో నెక్కువ పాలు రాజులకొలువున నున్నవే. మాస్కోలో తెలుగుచేసి యచ్చువేసిన రష్యను పిల్లల పుస్తకములు ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణములలో కారుచౌకగా దొరకెడివి. వానివలన మన పిల్లలు ఆ దేశపు ఎలుగుబంటిని, మంచును ఎఱిగిరి. నల్లమల ఎలుగుబంటి ఇప్పపూలకు, చెదపుట్టలకు ఎట్లు వచ్చునో ఎఱుగరు.

ఇంటివారు చేయదగిన పని కష్టమైనది గాదు. ఎనిమిదేండ్లవారికి ముంగిస కథను చదివి వినిపింపవలెను. ఈ యీడువారికి చదివించుట కంటె వినిపించుట మేలు, నడుమ నాపి ప్రశ్నలు వేయరాదు. పదేండ్లవారికి నల్లగుఱ్ఱము. పండ్రెండేండ్లకు లోబో, ముఖర్జీ పావురము. ఆ పైన జిమ్ కార్బెట్టు 1944లో వ్రాసిన కుమావు పులుల పుస్తకము. అందు చంపినవానికి జంతువుపై గల గౌరవము చూపదగినది. ఇంగ్లీషు వచ్చిన తల్లి రాత్రికి నాలుగు పుటలు తెలుగున చెప్పుకొనిపోయిన నెలకొక పుస్తకము తెమలును. అనువాదము కొఱకు ప్రచురణకర్తల గుమ్మము కడ నిలువనక్కఱలేదు. చదువు ముగిసిన తరువాత ఇందువలన నీవేమి నేర్చుకొంటివని యడుగుట మాత్రము మానవలెను. ఆ యొక్క ప్రశ్నచే మన బడులు ఎన్ని కథలను చంపినవో లెక్కకు రాదు.

వ్రాయగలవారికి ఒక విన్నపము. నగరమున గూర్చుండి పులిని వ్రాయవలదు. ఆత్మకూరు వైపు చెంచుపెంటలకు పొండు. పులుల రక్షణకై యడవి శిబిరములలో పనిచేయు చెంచులున్నారు, ఒక అడుగుజాడను చూచి అది ఆడదో మగదో, ఎప్పుడు నడచినదో చెప్పుదురు. రోళ్ళపాడు చుట్టుప్రక్కల మందలు తోలు కాపరులున్నారు. తోడేలు ఏ వాగుగట్టున బొరియ త్రవ్వునో, కూనలు ఏ నెలలో బయటికి వచ్చునో వారికి తెలియును. ఐతన్నవంటి పిట్టలవారు కడపవైపు ఇంకను నున్నారు. పగలు అడిగిన ముక్తసరిగా బదులు చెప్పుదురు, పనిలో నుందురు గనుక. పొద్దు క్రుంకి, మంద పొలములో కుదుటబడి, కుక్కలను నాలుగు దిక్కుల విడిచిన పిదప అడుగవలెను. కాగితము కలము అప్పుడే బయటికి తీయరాదు.